గుయ్యిమనే గిటారు

ఏప్రిల్ 13, 1997. పెనుకొండ

ఇందుమూలంగా నాకు నేనే తెలియజేసుకొనునది ఏమనగా, నిన్న హిందూపురం కల్యాణ మండపంలో రిసెప్షను జరుగుతుండగా పెండ్లికొడుకు తాత కర్ర పొడుచుకుంటూ స్టేజి దాకా వచ్చి, నా ముఖంలోకి చూసి, "ఏమప్పా, ఈ పిండిమిషను ఎప్పుడు నిలుపుతారు?" అని అడిగాడు. పిండిమిషను అనగా నా ఎలక్ట్రిక్ గిటారు.

పెద్దాయన తప్పేమీ లేదు. తీగ ముట్టుకోకముందు గుయ్యి. ముట్టుకున్నాక గుయ్యి. పాట ముగిసి, జనం చప్పట్లు కొట్టి, ఆ చప్పట్లు కూడా ఆగిపోయాక మండపంలో మిగిలింది అదొక్కటే. గుయ్యి.

ప్రోగ్రాము అయ్యాక శంకరప్ప నన్ను వ్యాను వెనక్కి పిలిచాడు. ఆర్కెస్ట్రా ఆయనది, షామియానాలు ఆయనవి, వ్యాను ఆయనది. సగం కన్నడంలో, సగం తెలుగులో మాట్లాడతాడు. కోపం మాత్రం రెండింటిలోనూ పూర్తిగా వస్తుంది.

"చూడు వేణూ. ధర్మవరంలో పట్టుచీరల షావుకారు ఇంట్లో రెండు ప్రోగ్రాములు ఒప్పుకున్నా. ముందు నిశ్చితార్థం, ఆమీట పెండ్లి. నిశ్చితార్థంలో ఈ గలాటె ఇనపడిందంటే పెండ్లికి నీ గిటారు వ్యాను ఎక్కదు. గిరి కీబోర్డులో గిటారు బటను ఉండాది."

"ఉండాదన్నా" అని గిరి అక్కడికక్కడే ఆ బటను నొక్కి వాయించి చూపించాడు. రేకు డబ్బాలో గులకరాళ్ళు వేసి ఊపినట్టుంది.

"ఇది గిటారా?" అన్నాను.

"గుయ్యిమనదు కదబ్బా" అన్నాడు.

గిటారు సంచిలో పెట్టి ముడి వేశాను.

నాయన గవర్నమెంటాఫీసులో అటెండరు కాబట్టి ఇంట్లో కూడా ఉత్తర్వులే జారీ చేస్తాడు. అమలులో ఉన్న ఉత్తర్వు: ఆర్కెస్ట్రాలో ఉన్నంతకాలం గిటారు. తీసేసిన మరునాడు చెన్నేకొత్తపల్లిలో మామ ఎరువుల అంగడి. బి.ఎస్సీ. ఫిజిక్సు చదివినవాడు యూరియా తూచి ఇస్తే రైతులకు కూడా గౌరవంగా ఉంటుందట.

నాకేమీ బాధ లేదు. గిరి బటను గురించి ఇక ఆలోచించను.

ఏప్రిల్ 14

గిరి బటను గురించి ఆలోచించాను.

ఏప్రిల్ 17

శస్త్రచికిత్స. నేల మీద దుప్పటి, దుప్పటి మీద గిటారు, పక్కన స్క్రూలు వేయడానికి స్టీలు గిన్నె. బెంగళూరులో ఎవరో వాడి వాడి విసిగి అమ్మేసిన ఎర్ర గిటారు ఇది. ఎందుకు విసిగాడో అప్పుడు అడగాలని తోచలేదు. నాయన ఆఫీసుకు బయలుదేరుతూ గడప దగ్గర ఆగాడు.

"బతుకుతాదా?"

"చూస్తాండా నాయనా."

"నువ్వు చూసింది ఏదీ బతకలేదు. రేడియో చూసినావు. మిక్సీ చూసినావు."

మూత తీసి లోపలంతా సిగరెట్టు పెట్టెల్లోని వెండి కాగితం అంటించాను. చుట్టుపక్కల వైర్ల మోత లోపలికి రాకుండా అదొక గోడ. (సిగరెట్లు కాల్చింది గిరి. కాగితం మాత్రమే నాది. ఈ డైరీ అమ్మ చదివినా సరే, ఇదే నిజం.) ఆంప్లిఫయరుకు పోయే వైరు మార్చాను. ట్యూబ్‌లైటు ఆర్పాను. కాస్త తగ్గింది. గిటారు మెడలో వేసుకొని నడింట్లో గుండ్రంగా తిరిగాను. దేవుని పటాల వైపు తిరిగితే మోత ఎక్కువ. వంటింటి వైపు తిరిగితే తక్కువ. దీనికి ఫిజిక్సులో కారణం ఉంది. అవ్వ మాత్రం వాస్తు అంది.

ధర్మవరంలో జనానికి వీపు చూపించి వంటశాల వైపు వాయించాల్సి వస్తుందేమో. షావుకారు ఒప్పుకుంటాడా?

ఏప్రిల్ 18

యూరియా గొప్ప పదార్థం. అందులో నలభై ఆరు శాతం నత్రజని.

ఏప్రిల్ 20

దొరికింది దొరికింది దొరికింది.

తీగల మీద చెయ్యి పెడితే మోత తగ్గాలి. మంచి గిటారు లక్షణం అది. మన ఒంటి గుండా వచ్చే మోత తీగల్లోకి, తీగల్లోంచి వైరులోకి, వైరులోంచి ఎర్త్‌కు దిగిపోవాలి. నాది దిగడం లేదు. ఎక్కడో దారి తెగింది. ఇంత చిన్న సంగతి ఏప్రిల్ 13నే తట్టి ఉంటే సిగరెట్టు పెట్టెల కోసం గిరి ఊపిరితిత్తులను వాడుకునేవాణ్ణి కాదు.

టార్చి సెల్లు, చిన్న బల్బు, రెండు వైరు ముక్కలు తీసుకొని ఒక్కో అతుకునూ తడిమాను. బల్బు వెలిగితే దారి ఉన్నట్టు. అన్నీ వెలిగాయి, ఒక్కటి తప్ప. తీగలను కింద బిగించే ఇనుప బ్రిడ్జి నుంచి లోపలికి పోయే సన్నటి వైరు. అతుకు ఊడి, పక్కకు ఒరిగి, ఏమీ ఎరగనట్టు పడుకొని ఉంది.

సీసం కాల్చి అతికించాను. చెయ్యి పెట్టాను. నిశ్శబ్దం. తీశాను. గుయ్యి. పెట్టాను. నిశ్శబ్దం. కేక పెట్టాను. అమ్మ వాకిట్లోంచి కర్ర పట్టుకొని పరిగెత్తుకొచ్చింది.

"యాడ? యాడ పోయింది?"

"ఏంది?"

"పాము!"

"పాము కాదమ్మా. వైరు."

"థూ నీ పాసుగాల" అని కర్ర నా వైపే ఎత్తింది. శాస్త్రవేత్తలకు ఇంట్లో ఇలాంటి సన్మానాలే జరుగుతాయి.

ఏప్రిల్ 27

నిన్న బుక్కపట్నంలో జాతర ప్రోగ్రాము. చెరువు కట్ట కింద బయట స్టేజి. ఉలిగప్పన్న ఎర్త్ కడ్డీని సమ్మెటతో కొడితే తడి మన్నులోకి పెరుగులో గరిటె దిగినట్టు దిగింది. మా ఆంప్లిఫయర్లన్నిటి ఎర్త్ వైరు దానికి చుట్టి, పసుపు పూసి, కుంకుమ పెట్టాడు. శంకరప్ప టెంకాయ కొట్టాడు. అందరం చెప్పులు విడిచి దండం పెట్టుకున్నాం. ఊరి పెద్ద ఒకాయన దగ్గరికి వచ్చి వంగి చూశాడు.

"ఏం దేవుడప్పా ఈయప్ప?"

"ఎర్త్" అన్నాడు ఉలిగప్పన్న. మా పార్టీకి సౌండు, లైట్లు, భక్తి మొత్తం ఆయన శాఖలే.

"మాకు తెలీని దేవుడే" అని పెద్దాయన కూడా ఒక నమస్కారం పెట్టి పోయాడు.

స్విచ్చి వేశాను. నిశ్శబ్దం. మూడు పాటలు అయ్యాక శంకరప్ప స్టేజి పక్కకు వచ్చి, "ఏమప్పా, ఈపొద్దు గిటారు తెచ్చినావా లేదా?" అన్నాడు. ఆయన నోట ఇంత పెద్ద మెప్పు ఇంతవరకు ఎవరూ వినలేదు.

మా పార్టీలో పాడే పవిత్ర దిగేటప్పుడు, "ఈపొద్దు మైకు కరవలేదు" అంది. మైకులు కరుస్తాయా? కళాకారులకు ఊహలు ఎక్కువ. ఆమె నాతో మాట్లాడిందని రాయడం లేదు, ఊహల గురించి రాస్తున్నాను.

నా అతుకు గొప్పది. గిరి బటను మీద దుమ్ము పడుగాక.

మే 4. ధర్మవరం నుంచి వచ్చాక

వరుసగా రాస్తాను. వరుసగా రాస్తే నవ్వు రాదేమో.

నిన్న నిశ్చితార్థం. మండపం కొత్తది, నేలంతా గ్రానైటు, వంగితే మన ముఖం మనకే కనబడుతుంది. మేం వ్యాను దిగకముందే గుమాస్తా వచ్చి, "నేలలో మేకు దించినారంటే బయటికి పంపిస్తా" అన్నాడు. మండపాల్లో ఎప్పుడూ ఉండే మాటే. ఉలిగప్పన్న కూడా ఎప్పటిలాగే తన బకెట్టు దింపించాడు. పెద్ద ప్లాస్టిక్ పెయింటు బకెట్టు, నిండా ఎర్రమన్ను. కడ్డీ అందులో నాటి, చెంబుతో నీళ్ళు పోసి, వైరు చుట్టి, పసుపు కుంకుమ పెట్టాడు. టెంకాయ. దండం. వ్యానులోంచి ఆ బకెట్టు మోసింది నేనే. నడుము ఇంకా నొప్పిగా ఉంది.

స్విచ్చి వేశాను.

గుయ్యి.

తీగల మీద చెయ్యి పెట్టాను. మోత తగ్గకపోగా వేళ్ళలో చీమలు పాకాయి. కడిగిన నేల మీద వట్టి కాళ్ళతో ఉన్నాను కదా, అరికాలి నుంచి మోచేయి దాకా జివ్వుమంది. ఇది కొత్త. హిందూపురంలో గుయ్యిమనింది గానీ కరవలేదు. పక్కన పవిత్ర కర్చీఫు చుట్టిన మైకు పట్టుకొని నిలబడింది. అది ఆమె స్టయిలని ఇన్నాళ్ళూ అనుకున్నాను.

"ఎందుకా కర్చీఫు?" అని అడిగాను, పాటకూ పాటకూ మధ్య.

"జిల్లుమంటాది. మండపాల్లో ఎప్పుడూ ఇంతే. శంకరప్పన్నకు చెప్తే స్టేజి భయం అంటాడు. బడికి పొయ్యేప్పట్నించి పాడతాండా, నాకు భయమా?"

"నాకూ జిల్లుమంటాండాది."

"అయితే నీకూ స్టేజి భయమే" అని తర్వాతి పాట అందుకుంది.

ముందు వరుసలో షావుకారు చెవిలో వేలు పెట్టి తిప్పుకున్నాడు. ఒకసారి కాదు.

ప్రోగ్రాము అయ్యాక శంకరప్ప కేకలు వేయలేదు. అందుకే భయం వేసింది. నా భుజం మీద చెయ్యి వేసి, మెల్లగా, "పెండ్లికి నువ్వు రావాకప్పా" అన్నాడు. అంతే. పోయి వ్యాను ముందు సీట్లో కూర్చున్నాడు.

స్టేజి అంచున కూలబడ్డాను. గిటారు ఒళ్ళో ఉంది, ఆంప్లిఫయరు ఆర్పలేదు, మోత నా తరఫున ఏడుస్తున్నట్టు సాగుతూనే ఉంది. కళ్ళ ముందు యూరియా బస్తాలు. గిరి కీబోర్డు సర్ది పెట్టెలో పెడుతూ నా వైపు చూడలేదు. వాడు వెక్కిరించి ఉంటే బాగుండేది.

అప్పుడు ఉలిగప్పన్న వచ్చాడు. సామాను సర్దుతున్నాడు. వంగి, రెండు చేతులా బకెట్టు ఎత్తాడు. చంకన పెట్టుకున్నాడు. కడ్డీ అందులోనే ఉంది, వైరు దానికి చుట్టే ఉంది, రెండో కొస ఇంకా ఆంప్లిఫయరుకే ఉంది, మెట్ల మీదుగా వెనకాలే ఈడ్చుకుంటూ వస్తోంది. దిగుతున్నాడు. ఒక మెట్టు. ఇంకో మెట్టు.

గుయ్యి అలాగే ఉంది. ఇసుమంత పెరగలేదు, తగ్గలేదు.

నేను బి.ఎస్సీ. చదివాను. భూమి వ్యాసం నాకు తెలుసు. అది ఉలిగప్పన్న చంకలో ఇమడదన్న సంగతి కూడా తెలిసి ఉండాల్సింది.

"అన్నా! దించు!"

దించాడు. గుయ్యి.

"ఎత్తు."

ఎత్తాడు. అదే గుయ్యి.

"మళ్ళీ దించు."

"ఏమబ్బా, నాతో కసరత్తు చేయిస్తాండావా?"

"అన్నా, అది ఎర్త్ కాదు."

ఉలిగప్పన్న బకెట్టులోకి చూశాడు. నా వైపు చూశాడు. "మన్ను కాదా ఇది? బుక్కపట్నం చెరువు మన్ను. నీళ్ళు పోసినా. పసుపు పెట్టినా. ఇంకేం తక్కువైంది?"

"బకెట్టు ప్లాస్టిక్ కదన్నా. కింద గ్రానైటు. కరెంటు మన్నులోకి వచ్చి ఆడే నిలబడిపోతాది. కిందికి పోయేకి దారి లేదు."

"అట్లయితే ఇనప బకెట్టు తెస్తా."

ఇనప బకెట్టు కింద కూడా గ్రానైటే కదా. తప్పు ఆయనది మాత్రమే అయితే చెప్పేవాణ్ణి. ఊళ్ళ జాతరల్లో కడ్డీ భూమిలోకి దిగుతుంది. మండపాలు వచ్చాక దిగనివ్వలేదు. పద్ధతి తప్పకూడదని భూమినే బకెట్టులో తెచ్చాడు. శంకరప్ప టెంకాయ కొట్టాడు. గిరి దండం పెట్టాడు. నేనూ పెట్టాను, కళ్ళు మూసుకొని. మూసుకోకపోయి ఉంటే కనబడేదేమో.

ఇంకోటి. ఆ చీమలు నావే. బ్రిడ్జి వైరు ఊడి ఉన్నంతకాలం తీగలకు దేనితోనూ సంబంధం లేదు. నేను అతికించాక తీగలు కూడా ఆంప్లిఫయరు, పవిత్ర మైకు ఉన్న వైరుకే చేరాయి; దిగే దారి లేని కరెంటు ఆమె వేళ్ళతో పాటు నా వేళ్ళనూ వెతుక్కుంది. సరిగ్గా బాగుచేసి కరిపించుకున్నాను.

గిటారులో తప్పు లేదు. నాలో తప్పు లేదు. వ్యానులో ఎక్కబుద్ధి కాక పట్టుకున్న బస్సులో నవ్వు ఆగలేదు. పక్కన కూర్చున్నాయన లేచి వెనక సీటుకు పోయాడు.

మే 5

ఆ బకెట్టుకు నేనేమేం మొక్కుకున్నానో గుర్తు తెచ్చుకోవడం మానేశాను.

మే 6

చెప్పేస్తానన్న నిన్నటి ధైర్యం పొద్దున్నే పోయింది. నవ్వినంత సులభం కాదు ఇది. శంకరప్ప దగ్గరికి పోయి, ఇన్నాళ్ళూ మీరు పెయింటు బకెట్టుకు పూజ చేశారు అని చెప్పాలి. ఉలిగప్పన్న ముందే చెప్పాలి. తప్పు కప్పుకోవడానికి వీడు దేవుణ్ణి తిట్టాడు అనుకుంటే? చెప్పకపోతే పవిత్రకు మొన్న జిల్లుమనింది, రేపు ఇంకేమవుతుంది? పెనుకొండ బస్టాండులో హిందూపురం బస్సు వస్తే ఎక్కలేదు. ఇంకోటి వచ్చింది. ఎక్కాను.

షామియానా గుడ్డల గోడౌనులో ముగ్గురూ ఉన్నారు. శంకరప్ప, ఉలిగప్పన్న, గిరి. చెప్పాను. నేలను చూస్తూ చెప్పాను.

శంకరప్ప నా ముఖంలోకి వంగి చూసి, "అంటే నేను పెయింటు డబ్బాకు టెంకాయలు కొట్టినానా?" అన్నాడు.

"లోపల మన్ను ఉండాది కదన్నా" అన్నాను. 

గిరి నవ్వబోయి దగ్గుగా మార్చుకున్నాడు.

"ఈయప్ప బి.ఎస్సీ. చదివినాడంట. నేను చదవలేదు. నా బకెట్టును ఎవురూ ఏమీ అనలేదు ఇన్నాళ్ళు" అన్నాడు ఉలిగప్పన్న, గుడ్డల మూటతో మాట్లాడుతున్నట్టు.

"మాటలొద్దప్పా, చూపించు" అన్నాడు శంకరప్ప.

గోడౌను గచ్చు మీద నీళ్ళు చల్లి బకెట్టు పెట్టాం. ఆంప్లిఫయరు వేశాను. గుయ్యి. చెప్పులు విడిచి తీగలు ముట్టుకోమన్నాను. శంకరప్ప వేలు పెట్టి, "అయ్య్!" అని వెనక్కి దూకాడు. తర్వాత వెనక కొళాయి కింద బురదలో కడ్డీ దిగగొట్టి వైరు మార్చాను. మోత పోయింది. మళ్ళీ ముట్టుకోమన్నాను. ముందు గిరిని ముట్టుకోమన్నాడు. గిరి ముట్టుకున్నాడు. వాడు బతికే ఉన్నాడని చూసుకొని ఆయనా ముట్టుకున్నాడు.

కాసేపు తీగ మీదే వేలు పెట్టుకొని నిలబడ్డాడు.

"ఆ పిల్ల చెప్తాంటే భయం భయం అని గదిరిస్తినే" అన్నాడు. ఆ తర్వాత నా వైపు తిరిగి, "సరే. పెండ్లికి రా. ఆ మండపంలో మేకు దించనీరు, భూమి యాడ తెస్తావో నీ తిప్పలు. మోత వచ్చిందా, గిటారు మోసుకొని నేరుగా చెన్నేకొత్తపల్లి బస్సెక్కు."

ఎరువుల అంగడి సంగతి ఈయనకు ఎవరు చెప్పారు? గిరి షామియానా గుడ్డలు మడతపెడుతున్నాడు, చాలా శ్రద్ధగా.

మే 9

ఉలిగప్పన్న నాతో మాట్లాడడం లేదు. ఎదురుపడితే నా వెనక ఎవరో ఉన్నట్టు చూస్తున్నాడు.

మే 12

నిన్న పెండ్లి. మధ్యాహ్నమే చేరుకొని భూమి కోసం బయలుదేరాను. మండపం ముందు సిమెంటు. పక్కన సిమెంటు. వాకిలికి అటూ ఇటూ పూలమొక్కలు కనిపిస్తే పరిగెత్తాను. కుండీలు. మళ్ళీ బకెట్లే. ధర్మవరంలో ఇంత పెద్ద చోట ఒక కడ్డీకి సరిపడా భూమి లేదా అని కూర్చోబోయి, వంటశాల వెనక్కి పోయి చూశాను.

అక్కడ ఉంది. అంట్లు తోమే చోటు. కొండంత డేగిసాలు, పళ్ళేలు, ఇంకా ఎన్నో బోకులు. కడిగిన నీళ్ళు పారి పారి గోడ మూలన నల్లటి మన్ను బురదై ఉంది. ఎండకు ఊరంతా పగుళ్ళిచ్చిన మే నెలలో అంత అందమైన బురదను నేను చూడలేదు. పీట వేసుకొని అంట్లు తోమే గంగక్క కూర్చొని ఉంది (పేరు తర్వాత తెలిసింది).

ఉలిగప్పన్న నా వెనకే వచ్చాడు, కడ్డీ, సమ్మెట పట్టుకొని. మాట్లాడలేదు గానీ వచ్చాడు.

"ఎవురప్పా మీరు? ఆడేం పెరుకుతారు?"

"చిన్న కడ్డీ పాతుకుంటామక్కా. ఆ మూలన."

"నా బోకుల కాడే దొరికిందా? యాడన్నా పాతుకోపోండి."

"యాడా మన్ను లేదక్కా. అంతా బండలే."

"పాతితే ఏమొస్తాది?"

"పాట బాగొస్తాది."

"నాకేమొస్తాది? పెండ్లంటే నాకు బోకులే. పెండ్లికూతురు మొగం చూసి ఎన్నేండ్లాయనో."

 ఉలిగప్పన్న గొంతు సవరించుకున్నాడు. "ఒక బాక్సు ఇటుపక్క కిటికీలో పెట్టి నీ దిక్కు తిప్పుతానక్కా. పాటలన్నీ ఆడున్నోళ్ళ కంటే నీకే బాగా ఇనపడతాయి."

గంగక్క పీచు ఆపి ఆలోచించింది. "పాత పాటలు పాడతారా?"

"పాడిస్తా."

"అయితే పాతుకోండి. నీళ్ళు పొయ్యేది మాత్రం నేను ఆపను."

"ఆపాకక్కా!" అని ఇద్దరం ఒకేసారి అరిచాం. ఉలిగప్పన్న నా ముఖం చూసి నవ్వాడు. సమ్మెట నా చేతికే ఇచ్చాడు.

కడ్డీ మొత్తం దిగింది. వంటశాల మీదుగా, కిటికీలోంచి, గోడ వెంబడి స్టేజి దాకా వైరు లాగాం. పసుపు, కుంకుమ. శంకరప్ప పట్టుపంచె ఎగ్గట్టుకొని, సాంబారు డేగిసాల మధ్య నిలబడి, ఇంతవరకు ఏ గుడిలోనూ చూపించనంత గంభీరంగా టెంకాయ కొట్టాడు. గంగక్క ఒక చిప్ప అడిగి తీసుకుంది.

స్విచ్చి వేశాను.

వెలగలేదనుకున్నాను. వంగి చూశాను, ఎర్రలైటు వెలుగుతోంది. గిరి కూడా వంగి చూశాడు. "వేసినావా?" అన్నాడు. "వేసినా." "నిజంగా?" తీగల మీద చెయ్యి పెట్టాను. చీమలు లేవు. పవిత్ర వట్టి చేత్తో మైకు అందుకుంది, వదిలింది, మళ్ళీ అందుకుంది. గట్టిగా పట్టుకుంది. నా వైపు చూసి తల ఊపింది. (ఇందులో ఊహ ఏమీ లేదు. గిరి సాక్షి.)

మొదటి పాట. పల్లవి అయింది, నా వంతు వచ్చింది. మండపమంతా నిశ్శబ్దం, అందులోకి నా గిటారు ఒక్కటే, కడిగిన పళ్ళెంలా తళతళమంటూ. ఆ వెలుగులో నాకు మొదటిసారి వినబడింది: రెండో తీగ శ్రుతి తప్పి ఉంది. కాసేపటికి ఇంకోటి వినబడింది: నా మూడో వేలు పడాల్సిన చోట పడడం లేదు. గిరి చేతులు ఆగలేదు గానీ తల నా వైపు తిరిగింది. పవిత్ర తల తిరిగింది. రెండో పాటకు పెండ్లిలో ఉన్నవాళ్ళందరి తలలూ తిరిగినట్టనిపించింది. ఇన్నాళ్ళూ ఏం వాయించినా గుయ్యిలో కలిసిపోయి బాగానే ఉండేది. ఇప్పుడు దాక్కోవడానికి చోటు లేదు.

ప్రోగ్రాము అయ్యాక వ్యాను వెనక్కి పిలుపు వచ్చింది.

"మోత పోయింది" అన్నాడు శంకరప్ప.

"పోయిందన్నా."

"శానా బాగా పోయింది. ఇప్పుడు నువ్వు వాయించేది ఇనపడతాండాది."

నేను గిటారు వీపు మీదికి తిప్పుకున్నాను.

"రెండో పాట నడిమధ్యలో ఏం చేసినావు?"

"తప్పు వాయించినా."

"ఎప్పుడూ ఆడ తప్పే వాయిస్తాంటివా?"

"ఉండొచ్చన్నా. నాకూ ఈపొద్దే ఇనపడింది."

శంకరప్ప నన్ను కిందినుంచి మీది దాకా చూశాడు. పొట్ట ముందు కదిలింది, తర్వాత భుజాలు, ఆఖరికి నోరు. వ్యాను మీద చెయ్యి వేసి ఆనుకొని మరీ నవ్వాడు. "అయ్యో నీ ఇల్లు బంగారంగాను! గుయ్యిమనేటప్పుడు నువ్వు పెద్ద ఇద్వాంసునివనుకుంటిమే!" కళ్ళు తుడుచుకొని, "ఎల్లుండి నించి పొద్దున్నే గోడౌనుకు రా. ప్రాక్టీసు. గిరి నేర్పిస్తాడు."

"గిరి?"

"ఆ బటను నొక్కి నొక్కి వానికి గిటారు శ్రుతులన్నీ వచ్చినాయి."

వ్యానులో నా పక్కన గిటారుకు కూడా చోటు ఉంచారు. ఇంత హాయిగా నన్నెవరూ ఎప్పుడూ తిట్టలేదు.

మే 13

నాయనకు చెప్పాను.

"తీసెయ్యలేదా?"

"లేదు. తప్పులు దిద్దుకోమన్నారు."

"మెమో ఇచ్చినారంటే ఉంచుకున్నట్టే" అన్నాడు నాయన, తన సర్వీసు అనుభవంతో. నేను రానని మామకు కబురు పంపుతానన్నాడు.

మొదటి బస్సుకు హిందూపురం పోయి ప్రాక్టీసు చేసి వచ్చాను. గిరి చాలా ఓపికగా నేర్పించాడు, అది భరించడం కష్టం. వేళ్ళు వాచాయి.

ఈనాటి తప్పులన్నీ నావే. కరెంటుకు వాటితో ఎలాంటి సంబంధమూ లేదు.